ఒసోటో గరి: కొడవలి కంటే ముందు దుబ్బు పట్టే చెయ్యి

జూడో నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు తొలి నెలల్లోనే చూపించే పట్టు ఒసోటో గరి. చూడ్డానికి చాలా తేలిక. ఎదుటివాడి కుడికాలి వెనక్కి మన కుడికాలు పోనిచ్చి లాగుతాం, అతను వెల్లకిలా పడతాడు. బడి గ్రౌండులో పిల్లలు కాలడ్డం పెట్టి పడేసుకునే ఆటకూ దీనికీ తేడా లేదనిపిస్తుంది. తీరా గట్టిగా కాలూని నిలబడ్డ మనిషి మీద వేసేసరికి అతను కదలడు సరికదా, ఒంటికాలి మీద ఊగుతున్న మనమే వెనక్కి పడతాం. అలా రెండుసార్లు పడగానే చాలామంది కాలికి బలం చాలలేదనుకుని మరింత గట్టిగా తన్నడం మొదలుపెడతారు. తప్పు అక్కడ లేదు. కాలు కదలకముందే చేతులూ ఛాతీ చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది.

పేరులోనే సంగతి ఉంది. జపాన్ భాషలో 'ఓ' అంటే పెద్ద, 'సోటో' అంటే బయట, 'గరి' అంటే కోత. వరి కోసినా గడ్డి కోసినా వాళ్లు వాడే క్రియ నుంచి వచ్చిన మాట అది. జిగోరో కానో 1882లో టోక్యోలో జూడో మొదలుపెట్టాడు. ఆయన స్థాపించిన జూడో శిక్షణశాల కొడోకాన్ 1895లో పట్లను ఐదు వర్గాలుగా పేర్చి, 1920లో సవరించింది. ఆ సవరించిన వరసలో ఒసోటో గరి మొదటి వర్గంలో ఉంది. మొదటి వర్గంలో ఉంది కాబట్టి సులువని కాదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన యాసుహిరో యమషిత పేరు చెబితే గుర్తొచ్చే పట్లలో ఇదొకటి.

మొలగొలుకులు పండిన నెల్లూరు నేల మీద కోత అంటే వివరించి చెప్పనక్కర్లేదు. కోత మిషన్లు వచ్చాక కొడవలి పని తగ్గినా, గట్ల వెంటా, మిషన్ దిగని బురద మడుల్లోనూ చేత్తో కోయాల్సిందే. కోసేవాళ్ల ఎడమచేతిని చూడండి. ముందు దుబ్బును గుప్పిట పట్టి బిగువుగా ఒక పక్కకు వంచుతుంది. ఆ తర్వాతే కొడవలి దుబ్బు వెనక్కి పోయి, మొదట్లో తగిలి, తనవైపుకు వస్తుంది. పట్టుకోని దుబ్బుకు కొడవలి తగిలిస్తే కోత పడదు. కంకులు ఊగి గింజలు రాలతాయంతే. ఒసోటో గరిలో కాలు కొడవలి, చేతులూ ఛాతీ దుబ్బు పట్టిన గుప్పిట. జూడోలో ఈ వంచడాన్ని కుజుషి అంటారు. సరైన చోటికి చేరి నిలబడటం త్సుకురి, ఆఖరున కాలు లాగడం కకే. కొత్తవాళ్లు నేరుగా మూడోదానికి దూకుతారు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే విప్పుకోవాలి. కాలితో పడేసే పట్లన్నీ ఒకటి కావు. 'హరాయ్' అనేవి ఊడ్పులు. దే అషి హరాయ్‌లో ఎదుటివాడి పాదం మీద బరువు పూర్తిగా దిగకముందే చీపురుతో తోసినట్టు దాన్ని పక్కకు నెట్టేస్తాం. 'గరి' దీనికి తలకిందులు. బరువంతా ఏ కాలి మీద ఉందో ఆ కాలినే తీసేస్తాం. బరువు లేని కాలిని ఎంత కోసినా మనిషి రెండోకాలి మీద హాయిగా నిలబడతాడు, ఆ కాలు గాల్లోకి లేస్తుంది తప్ప మరేమీ జరగదు. 'ఒసోటో ఓటోషి' దగ్గరి చుట్టమే గానీ అందులో కాలు లాగరు, ఎదుటివాడి వెనక నేలమీద ఊని దాని మీదుగా పడేస్తారు. 'ఒసోటో గురుమ'లో ఒక్క కాలు కాదు, రెండుకాళ్లూ తీసేస్తారు. ఇక బ్రెజిలియన్ జియుజిట్సు పోటీల్లో చాలాచోట్ల 'నీ రీప్' (ఇంగ్లీషులో 'రీప్' అన్నా కోతే) అని తప్పుగా పరిగణించేది వేరే విషయం. అది నేలమీద పోరాటంలో ఎదుటివాడి మోకాలిని లోపలికి మెలిపెట్టే స్థితి. మాటొకటే అయినా ఈ పట్టుకు దానితో సంబంధం లేదు.

మనిషి ఎందుకు పడతాడో ముందు చూద్దాం. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిలబడ్డవాణ్ణి పక్కకు తోస్తే కదలడం కష్టం, ముందుకో వెనక్కో తోస్తే తేలిక. అయితే నేరుగా వెనక్కి తోస్తే అతను ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకుంటాడు. అందుకని కుడివెనక మూలకు, అంటే అతని కుడి మడమకు కాస్త వెలుపలి వైపుకు వంచాలి. అప్పుడు బరువంతా కుడి మడమ మీదికి వచ్చి, ఆ కాలు ఎత్తలేడు. ఎత్తలేని కాలితో అడుగు వేయలేడు. సరిగ్గా ఆ క్షణంలో ఆ కాలు అతని ముందువైపుకు, భుజాలు అతని వెనకవైపుకు కదలాలి. ఎదురెదురు దిశల్లో పనిచేసే ఈ రెండు బలాలను బడిలో బలయుగ్మం అని చదువుకున్నాం. ఒక్క బలంతో తోస్తే మనిషి జరుగుతాడు, రెండూ కలిస్తే తిరుగుతాడు. కాలి బలం ఒక్కటే వాడేవాడు సగం పట్టే వేస్తున్నాడు.

ఇక అడుగులు. కుడిచేతి వాటం వాళ్లకు చెబుతున్నాం, ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోవాలి. కుడిచేత్తో ఎదుటివాడి ఎడమ కాలర్‌ను కాలరెముక ఎత్తున పట్టుకోండి. ఎడమచేత్తో అతని కుడి చొక్కాచేతిని మోచేతి దగ్గర, కింది వైపునుంచి పట్టుకోండి. మణికట్టు దగ్గర పట్టుకుంటే లాగినప్పుడు గుడ్డ వస్తుంది, మనిషి రాడు.

ఎడమకాలితో ముందుకు అడుగు వేయాలి. అది అతని కుడిపాదానికి బయటివైపు, జానెడు దూరంలో పడాలి. ముందువెనకల లెక్కలో అతని పాదంతో సమానంగా ఉండాలి, రెండు మూడు అంగుళాలు దాటినా మంచిదే. వేళ్లు నేరుగా మీ ముందువైపు చూడాలి. ఈ జానెడుకు కారణం ఉంది. మీ కుడికాలు మీ ఎడమకాలికీ అతని కుడికాలికీ మధ్యనుంచే దూరి వెళ్లాలి. బెత్తెడే వదిలితే దూరదు. రెండు జానలు వదిలితే కాలు దూరుతుంది గానీ ఛాతీ ఛాతీకి తగలదు. ఛాతీ తగలకపోతే దుబ్బు గుప్పిట్లో లేనట్టే.

అడుగు నేలకు తాకుతుండగానే రెండు చేతులూ పని చేయాలి, తాకాక కాదు. ఎడమచెయ్యి అతని మోచేతిని మీ ఎడమ జేబువైపు కిందికి లాగుతుంది. కుడిచెయ్యి ఫోన్ చెవికి ఆనించుకున్నట్టు మడిచి, మోచెయ్యి కిందికి దించి, ముంజేతిని అతని ఛాతీ మీద ఆనించి పైకీ వెనక్కీ నెడుతుంది. కుడిచెయ్యి చాచి తోయకూడదు. చాచిన చెయ్యి ఇద్దరి మధ్యా దూరం పెంచుతుంది, ఆ దూరంలోనే అతను నడుం వంచి తప్పించుకుంటాడు. మీ కుడి ఛాతీ అతని కుడి ఛాతీకి ఆనాలి. ఆనినప్పుడు అతను ఊపిరి పీల్చడం మీకు తెలియాలి.

ఇక్కడ ఆగి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. కోచింగులో చాలామంది దాటేసే ఘట్టం ఇదే, మా దృష్టిలో మొత్తం పట్టులో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది కూడా దీనికే. వంచిన స్థితిలో అలాగే పట్టుకుని, జోడీని "కుడికాలు ఎత్తు" అనండి. ఎత్తగలిగితే కుజుషి కాలేదు. ఎత్తలేకపోయి, ఎడమకాలు మాత్రం తేలిగ్గా లేస్తే అయినట్టు. పక్కన నిలబడ్డవాళ్లు అతని కుడిపాదాన్ని చూడాలి. బరువు మడమ మీదికి పోగానే కుడికాలి వేళ్లు చాప మీదనుంచి లేస్తాయి, మొదట బొటనవేలు, ఆ వెంటనే మిగతావి. ఆ బొటనవేలు లేవనంతవరకూ కాలు కదపకండి. వారం రోజులు ఒక్క పట్టూ వేయకుండా ఈ వంచడమొక్కటే రోజుకు 30 సార్లు చేసినవాళ్లు, మిగతాది రెండు రోజుల్లో పట్టేసుకుంటారు.

వేళ్లు లేచాక కుడికాలు. దాన్ని ముందుకు, అతని కాలు దాటి పూర్తిగా పోనివ్వాలి. మీ తుంటి అతని తుంటి పక్కకు వచ్చేదాకా పోనివ్వాలి. పాదం వేళ్లు కిందికి చాచి ఉంచండి, అప్పుడు పిక్క బిగుస్తుంది, మడమతో ఎదుటివాడి పిక్క మీద కొట్టే పొరపాటు తప్పుతుంది. అక్కడినుంచి వెనక్కి లాగేటప్పుడు మీ మోకాలికి కాస్త పైనున్న తొడ వెనకభాగం, అతని తొడ వెనకభాగానికి తగలాలి. చీలమండ దగ్గర తగిలితే అది తన్ను అవుతుంది, నొప్పి తప్ప ఫలితం ఉండదు. మరీ ప్రమాదం పక్కనుంచి తగలడం. మోకాలు వెనకనుంచి నెడితే మడతపడుతుంది, పక్కకు మడతపడే వీలు దానికి లేదు. బరువు మోస్తున్న మోకాలికి పక్కనుంచి దెబ్బ తగిలితే లోపలి లిగమెంటు తెగే ప్రమాదం ఉంది. అందుకే కాలు ఎప్పుడూ వెనకనుంచి ముందుకు, అతని వేళ్లు చూసే దిక్కుకే కోయాలి.

లాగేటప్పుడు మీ తల ముందుకు దిగాలి. పాత బావుల దగ్గర ఏతం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. దూలం ఒక కొన దిగితేనే రెండో కొన లేస్తుంది. ఎడమకాలు ఇరుసు, తలా భుజాలూ ఒక కొన, కుడికాలు రెండో కొన. తల నిటారుగా పెట్టుకుని కాలొక్కటే ఎత్తాలని చూస్తే అది తుంటి ఎత్తు కూడా దాటదు. చూపు అతని భుజం మీదుగా, అతని వెనక మూడడుగుల దూరంలో చాప మీద ఉండాలి. సరిగ్గా పడితే చివరికి మీ కుడిపాదం వెనక ఆకాశం వైపు ఉంటుంది, ఎడమ మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, ఎడమచెయ్యి మాత్రం అతని చొక్కాచేతిని వదలదు.

తప్పుల్లో సగం పైన చెప్పినవాటిలోనే తెలిసిపోతాయి. రెండింటిని మాత్రం విడిగా చెప్పాలి. మొదటిది, కాళ్ల వైపు చూడటం. కాలు ఎక్కడ పడుతుందోనని తల దించగానే నడుం వంగుతుంది, పిరుదులు వెనక్కి పోతాయి, ఛాతీ ఊడిపోతుంది. మొదట్లో చాప మీద సుద్దముక్కతో అడుగు పడాల్సిన చోటు గీసుకుని, చూడకుండా పాదం అక్కడ పడేదాకా అలవాటు చేసుకోవాలి. రెండోది, అడుగు పొట్టిగా పడటం. పాదం అతని పాదానికి ఇవతలే ఆగిపోతే మీ బరువు మీ మడమ మీదే ఉంటుంది, కుడికాలు మాత్రం అతని వెనక చిక్కుకుని ఉంటుంది. అప్పుడు ఎవరి ఛాతీ ముందుకు ఉంటే వాళ్లదే పట్టు. అతను ఎడమకాలు కాస్త వెనక్కి వేసి ఛాతీ ముందుకు తెచ్చాడంటే మీ కాలునే కోసి మిమ్మల్ని పడేస్తాడు. దీనికి 'ఒసోటో గయేషి' అని పేరు కూడా ఉంది. అలా చిక్కినప్పుడు కుడికాలిని అతని కాలికి పెనవేసి, ఇద్దరం వెనక్కి పడదామని చూడటం మహా తప్పు. అది 'కవాజు గాకె', జూడోలో నిషేధించిన పట్టు. మీ బరువంతా అతని మోకాలి మీదా, అతని తల నేలమీదా పడతాయి. చిక్కుకుంటే కాలు దించేసి మళ్లీ మొదలుపెట్టాలి.

పడటం గురించి ఎంత చెప్పినా తక్కువే. వెల్లకిలా పడేసే పట్టు కాబట్టి తల వెనకభాగం నేలకు తగిలే అవకాశం మిగతా పట్ల కంటే ఎక్కువ. జపాన్‌లో బడి పిల్లల జూడోలో తలలో రక్తస్రావం జరిగిన ప్రమాదాలను పరిశీలించినప్పుడు, దెబ్బ తిన్నవాళ్లలో ఎక్కువమంది కొత్తవాళ్లేననీ, ఎక్కువగా కనిపించిన పట్టు ఇదేననీ తేలింది. కాబట్టి వేయడం కంటే పడటం ముందు నేర్పాలి. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తన బెల్టు ముడి చూడాలి. ముడి కనబడుతున్నంతసేపూ తల నేలకు తగలదు. ఖాళీగా ఉన్న ఎడమచేతిని ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో, అరచెయ్యి కిందికి పెట్టి చాపను గట్టిగా చరచాలి, ఊపిరి వదలాలి. చెయ్యి వెనక్కి ఊనబోతే మణికట్టో మోచేయో పోతుంది. గొంతుకూర్చున్న చోటునుంచి 50 సార్లు, సగం వంగి 50 సార్లు, నిలబడి 50 సార్లు తడబడకుండా పడగలిగేదాకా వాళ్ల మీద ఈ పట్టు వేయనివ్వకండి. వేసేవాడి బాధ్యత చొక్కాచేతిని పైకి లాగి పట్టుకోవడం. ఆ లాగుడు వల్లే ఎదుటివాడి తల, భుజం మెల్లగా దిగుతాయి. తొలి నెలల్లో జోడీల మధ్య ఐదు కిలోలకు మించి బరువు తేడా లేకుండా చూడాలి.

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి తగ్గకపోయినా, వాంతి అయినా, మాట తడబడినా, మగతగా ఉన్నా నీళ్లు చల్లి కూర్చోబెట్టడం కాదు, 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆరోజుకు బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టరు సరేననేదాకా మళ్లీ చాప ఎక్కనివ్వకూడదు.

ఎక్కడ సాధన చేయాలన్నది మన దగ్గర పెద్ద ప్రశ్నే. చాపలు లేని ఊళ్ల కుర్రాళ్లు మైపాడు, కొత్తపట్నం ఒడ్డుకు పోయి ఇసుకలో చేద్దామనుకుంటారు. అలలు తడిపిన ఇసుక మెత్తగా కనిపిస్తుంది గానీ వెల్లకిలా పడితే దాదాపు గచ్చు లాగే తగులుతుంది. ఒడ్డుకు పైనున్న పొడి ఇసుకలో పడితే దెబ్బ తగలదు, కానీ ఎడమపాదం చీలమండ దాకా కూరుకుపోయి తిరగదు. ఒళ్లు తిరిగి పాదం తిరగకపోతే ఆ మెలిక మోకాలు మోయాలి. పెన్నా ఇసుకలోనూ అంతే. ఇసుకలో పడటం నేర్చుకోండి, వంచే సాధన చేయండి, కోత మాత్రం వద్దు. పజిల్ ముక్కల్లా అతికే ఫోమ్ చాపలైతే 40 మిల్లీమీటర్ల మందం ఉన్నవి తీసుకోవాలి. సందులు విడిపోతే కాలివేళ్లు ఇరుక్కుంటాయి, కాబట్టి గోడకు ఆనించి బిగించాలి. వేసవిలో చెమటతో చాప జారుతుంది, ప్రతి పది నిమిషాలకూ గుడ్డతో తుడవాలి. కాలు జారిన ఒసోటో గరిలో వేసేవాడు ఎదుటివాడి మీదే పడతాడు.

సాధన క్రమం పెద్దగా ఏమీ లేదు. స్తంభాన్నో కిటికీ ఊచనో ఎడమచేత్తో పట్టుకుని, తల దించుతూ కుడికాలు లాగడం 20 సార్లు, నాలుగు విడతలు. పాత సైకిల్ ట్యూబును స్తంభానికి ఛాతీ ఎత్తున కట్టి, రెండు కొసలూ పట్టుకుని అడుగూ లాగుడూ కలిపి 50 సార్లు. తర్వాత జోడీతో, పడేయకుండా వంచి, తొడకు తొడ తగిలించి ఆపేసే ఉచికోమి పదేసి చొప్పున ఐదు విడతలు. వేగం వద్దు, పదింటికి పదీ బొటనవేలు లేవాలి. ఆఖరున మందపాటి పరుపు మీద పది సార్లు పూర్తిగా పడేయడం. జపాన్ జూడో యోధుడు మసహికో కిమురా చెట్టును జోడీగా పెట్టుకుని ఈ పట్టు సాధన చేశాడని చెబుతారు, కానీ వేపచెట్టు మీద మీరు చేస్తే మడమ నరమే పోతుంది. ఆ పని ట్యూబు చేస్తుంది.

నిలబడ్డ జోడీ మీద కుదిరాక కదిలే మనిషి మీద. మీరు వెనక్కి నడుస్తూ అతన్ని ముందుకు రప్పించండి. అతని కుడిపాదం ముందుకు వచ్చి బరువు దిగుతున్న క్షణంలో మీ ఎడమ అడుగు పడాలి. అరక్షణం ముందైతే అతని కాలు ఇంకా గాల్లోనే ఉంటుంది, అరక్షణం తర్వాతైతే అతని ఎడమకాలు వచ్చేస్తుంది. దీనికి చెవి సాయం చేస్తుంది. చాప మీద అతని అరికాలు ఆనే మెత్తటి చప్పుడుతో మీ అడుగు చప్పుడు కలవాలి, రెండు చప్పుళ్లు విడిగా వినబడితే ఆలస్యమైందన్నమాట.

గట్టిగా ముందుకు వంగి నిలబడేవాడి మీద నేరుగా వేయబోతే లొంగడు. అతని కుడి మోకాలికి మీ ఎడమ అరికాలు ఆనించి, హిజా గురుమ (మోకాలికి అరికాలు అడ్డం పెట్టి ముందుకు పడేసే పట్టు) వేయబోతున్నట్టు ముందుకు లాగండి. పడకుండా ఉండటానికి అతను వెనక్కి తగ్గుతాడు, బరువు తనంతట తానే మడమల మీదికి పోతుంది. మోకాలికి ఆనించిన ఆ ఎడమపాదమే వెంటనే జానెడు బయటికి దిగి అడుగైపోతుంది. మీరు వంచాల్సిన సగం అతనే వంగిపెట్టాడు. మిగిలిన సగానికి ఛాతీ ఆనించి, బరువు అతని కుడి మడమ మీదికి పోయిందని తెలియగానే కాలు పోనివ్వడమే.